విమాన ఛాయాచిత్రాల తిరస్కరణ భాష: అలంకారశాస్త్ర దోషవిచారణ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతర్జాలంలోని విమాన ఛాయాచిత్ర నిలయాలు తమకు అందిన ప్రతి చిత్రాన్ని పరిశీలకులచేత పరీక్షింపజేస్తాయి. లోపం కనిపిస్తే కారణం పేర్కొని తిప్పిపంపుతాయి. ఆ కారణాల జాబితా స్వరూపంలో అలంకారశాస్త్ర దోషప్రకరణానికి చాలా దగ్గరగా ఉంటుంది. దండి, ఆనందవర్ధనుడు, మమ్మటుడు, విశ్వనాథుడు, రాజశేఖరుడు చేసిన దోషచర్చ, భావకచర్చల ఆధారంగా ఈ విధానాన్ని పరిశీలించి, హైదరాబాదులోని బేగంపేట పరిసరాల్లో తీసిన చిత్రాల విషయంలో అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విమాన ఛాయాచిత్రం, దోషం, అనిత్యదోషం, ఔచిత్యం, భావకుడు, బేగంపేట, శ్రీనగర్ కాలనీ

1. ఉపోద్ఘాతం

శ్రీనగర్ కాలనీ పేరు వినగానే తెలుగువారికి సినిమా కార్యాలయాలు గుర్తుకొస్తాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లతో కలిసి తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాసంగా మారిన ఈ ప్రాంతంలో ఛాయాచిత్రం నిత్యావసర వస్తువు. స్టిల్ లేకుండా పోస్టర్ లేదు, పోస్టర్ లేకుండా విడుదల లేదు. ఇదే కాలనీకి ఈశాన్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో బేగంపేట రన్‌వే ఉంది. నిజాం పాలనలో 1930లలో రూపుదిద్దుకుని, డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలకు ఆశ్రయమిచ్చి, 2008 మార్చి 23న ప్రయాణికుల రాకపోకలు శంషాబాదుకు తరలిపోయేదాకా నగరం నడిబొడ్డున పనిచేసిన విమానాశ్రయం అది. 2008 నుంచి రెండేళ్లకోసారి, మొదట ఇండియా ఏవియేషన్, తర్వాత వింగ్స్ ఇండియా పేరుతో జరిగే విమాన ప్రదర్శన బేగంపేటకు మళ్లీ జనాన్ని రప్పిస్తోంది. 2024 జనవరి 18 నుంచి 21 వరకు జరిగిన ప్రదర్శనలో బోయింగ్ 777ఎక్స్‌ను, ఎయిర్ ఇండియా తొలి ఎయిర్‌బస్ ఏ350ని చూడటానికి కెమెరాలతో వచ్చినవారు తక్కువేమీ కాదు.

అలా తీసిన చిత్రానికి రెండు గమ్యాలున్నాయి. ఒకటి సొంత సామాజిక మాధ్యమ ఖాతా. అక్కడ అడ్డు చెప్పేవారు ఎవరూ ఉండరు. రెండోది ఎయిర్‌లైనర్స్.నెట్, జెట్‌ఫొటోస్ వంటి చిత్రనిలయం. అక్కడ పరీక్ష ఉంది. పరీక్ష నెగ్గిన చిత్రానికి ఒక ప్రత్యేక జీవితమూ ఉంది. ఫ్లైట్‌రాడార్24లో కదులుతున్న విమానం గుర్తుమీద వేలు పెడితే కనిపించే బొమ్మ జెట్‌ఫొటోస్ నుంచి వచ్చినదే. ఒక నగరపు ఆకాశం ప్రపంచానికి ఎలా కనిపించాలో నిర్ణయించడంలో ఈ పరీక్షకులకు వాటా ఉందన్నమాట. ఇంతటి ప్రభావమున్న ఒక నిర్ణయపద్ధతిని సాంకేతిక వ్యవహారంగా మాత్రమే చూసి వదిలేయడం విమర్శకు తగదు.

ఛాయాచిత్రం కావ్యం కాదు. ఇక్కడ పోలిక రెండు కళల మధ్య ఉద్దేశించినది కాదు, రెండు తీర్పుపద్ధతుల మధ్య ఉద్దేశించినది.

2. పరీక్షావిధానం

స్వీడన్‌కు చెందిన విద్యార్థి యోహాన్ లుండ్‌గ్రెన్ 1990ల ద్వితీయార్ధంలో ప్రారంభించిన ఎయిర్‌లైనర్స్.నెట్ ఈ రంగానికి ఒరవడి దిద్దింది. జెట్‌ఫొటోస్ ఆ తర్వాతిది. రెండింటి పద్ధతీ స్థూలంగా ఒకటే. చిత్రాన్ని పంపేవారు విమానం నమోదు సంఖ్య, సంస్థ, రకం, విమానాశ్రయం, తేదీ విధిగా నింపాలి. చిత్రం వరుసలో నిలబడుతుంది. జీతం లేని స్వచ్ఛంద పరిశీలకులు, వారూ ఛాయాగ్రాహకులే, దాన్ని చూసి ఆమోదిస్తారు లేదా కారణం చెప్పి తిరస్కరిస్తారు. తీర్పు నచ్చకపోతే పైస్థాయి పరిశీలకుడికి అప్పీలు చేసుకోవచ్చు. ఆమోదశాతం పెరిగేకొద్దీ ఒకేసారి ఎక్కువ చిత్రాలు పంపే వెసులుబాటు దొరుకుతుంది. కొత్తవారికి మొదటి పది చిత్రాలూ తిరిగిరావడం ఈ లోకంలో వింత కాదు. పరిశోధన పత్రికలకు వ్యాసాలు పంపే యువ అధ్యాపకులకు ఈ అనుభవం వేరే వివరించనక్కరలేదు.

3. దోషాల వర్గీకరణ

కాకతీయుల ఓరుగల్లులో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయంలో దోషానికి ఒక పూర్తి ప్రకరణం ఉంది. ఆ బాటలోనే భట్టుమూర్తి కావ్యాలంకారసంగ్రహంలో దోషవిచారణ చేశాడు. పదం, వాక్యం, అర్థం, రసం అనే ఆశ్రయభేదాన్ని బట్టి దోషాలను విడదీయడం ఆలంకారికుల పద్ధతి. చిత్రనిలయాల తిరస్కరణ కారణాలను ఇదే క్రమంలో పేర్చి చూస్తే వాటి స్వభావం స్పష్టమవుతుంది.

పదదోషాలకు సాటివచ్చేవి చిత్రంలోని అతిచిన్న భాగాలకు సంబంధించినవి. మసక, చీకటి భాగాల్లో రేణువుల్లా తేలే నాయిస్, మితిమీరిన పదును, ఆ పదును వల్ల రెక్క అంచున మెట్లుమెట్లుగా కనిపించే గీత, విమానం చుట్టూ వెలుగుచారలా మిగిలే తెల్లదనం ఈ కోవలోకి వస్తాయి. వీటన్నిటిలో పేరుమోసినది ధూళిమచ్చ. కెమెరా సెన్సార్ మీద వాలిన దుమ్ముకణం నీలాకాశంలో బూడిదరంగు చుక్కగా పడుతుంది. మామూలు కంటికి అది ఆనదు. అందుకే అనుభవజ్ఞులు చిత్రాన్ని పంపే ముందు సాఫ్ట్‌వేర్‌లో దాని వెలుగునీడలను విపరీతంగా సాగదీసి, అప్పుడు బయటపడ్డ మచ్చలను ఒక్కొక్కటిగా తుడుస్తారు. కావ్యంలో అల్పదోషాన్ని కూడా ఉపేక్షించరాదని, ఎంత సుందరమైన శరీరమైనా ఒక్క తెల్లమచ్చతో శోభ కోల్పోతుందని దండి కావ్యాదర్శం తొలిపుటల్లోనే హెచ్చరించాడు. ఆ ఉపమానం ఇక్కడ ఉపమానంగా కాక అక్షరాలా నిజంగా వర్తిస్తుంది. పరిశీలకుడు దండి శిష్యుడు.

వాక్యదోషాలు కూర్పుకు సంబంధించినవి. నేల గీత ఒక పక్కకు ఒరగడం వాటిలో ఒకటి. దిక్చక్రం కొండలతో ఎగుడుదిగుడుగా ఉన్నచోట దాన్ని నమ్మకుండా భవనాల, స్తంభాల నిలువుగీతలను చూసి సరిచేయాలన్నది పాటించదగిన సూత్రం. విమానం చట్రం మధ్యలో లేకపోవడం మరొకటి. ముక్కు ముందున్న ఖాళీ, తోక వెనకున్న ఖాళీ సమానంగా ఉండాలి. తోకరెక్క ఎత్తుగా ఉంటుంది కాబట్టి, విమానదేహాన్ని నిలువునా మధ్యలో పెడితే చిత్రం బరువు తప్పినట్టు కనిపిస్తుంది. ఈ చిన్న సంగతి అర్థం కావడానికి చాలామందికి పది పదిహేను తిరస్కరణలు పడతాయి. తీగ, కంచె, దీపస్తంభం విమానానికి అడ్డురావడమూ వాక్యదోషమే. దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

అర్థదోషాలు వివరాల్లోని తప్పులు. నమోదు సంఖ్యలో ఒక అక్షరం మారినా, తేదీ తప్పినా చిత్రం ఎంత బాగున్నా తిరిగివస్తుంది. ఒకే విమానాన్ని ఒకేరోజు అదే కోణంలో తీసిన రెండో చిత్రాన్ని పంపితే దానినీ నిరాకరిస్తారు. ఆలంకారికుల పునరుక్తి ఇదే. ఈ నిలయాలకు చారిత్రక పత్రాల విలువను తెచ్చిపెట్టినవి ఈ అర్థదోష నియమాలే. అందం మీద పట్టింపు తగ్గినా నష్టం కొద్దిదే కానీ నమోదు సంఖ్య మీద పట్టింపు తగ్గితే భాండాగారం బొమ్మల కొలువైపోతుంది.

ఇక నాలుగోది. పరిశీలకుల భాషలో ఉద్దేశలోపం అని చెప్పదగిన ఒక కారణం ఉంది. చిత్రంలో చూపదలచుకున్నది ఏమిటో తేలలేదని దాని తాత్పర్యం. రసదోషానికి సాటివచ్చేది ఇదొక్కటే. అన్నిటికంటే తక్కువగా నిర్వచించబడినదీ, అన్నిటికంటే ఎక్కువ తగవులు తెచ్చేదీ ఇదే. ధూళిమచ్చను వేలుపెట్టి చూపవచ్చు, ఉద్దేశం లేదని వేలుపెట్టి చూపడం కుదరదు.

ఈ నాలుగింటి నిష్పత్తిని గమనించాలి. పద, వాక్యదోషాల పేర్లు చాలా ఉన్నాయి. రసదోషానికి ఉన్న పేరు ఒక్కటే. లెక్కించగలిగినదాని మీద నియమం పెరుగుతుంది. మన పత్రికల సమీక్షాపత్రాల్లో సైతం అక్షరదోషాలకు, పాదసూచికల క్రమానికి దొరికినంత చోటు వాదబలానికి దొరకదు.

4. స్టిల్, విమానచిత్రం

శ్రీనగర్ కాలనీ కార్యాలయాల గోడలమీద వేలాడే చిత్రాన్ని విమానచిత్రం పక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సినిమా పోస్టర్‌లో నాయకుడి వెనక ఆకాశాన్ని మార్చడం, చర్మాన్ని నునుపు చేయడం, లేని జనాన్ని చేర్చడం తప్పు కాదు, పని. చూసేవాడికీ ఆ సంగతి తెలుసు. విమానచిత్రంలో ఆకాశం మార్చడం, దీపస్తంభాన్ని చెరిపేయడం మోసం కిందికి వస్తుంది. పట్టుబడితే చిత్రం తొలగించడంతో ఆగకపోవచ్చు. వెలుగు, రంగు, పదును సరిచేయవచ్చు, ధూళిమచ్చ తుడవవచ్చు. దుమ్ము కెమెరాది కాబట్టి తుడవాలి, స్తంభం లోకానిది కాబట్టి ఉంచాలి. ఈ విభజన వెనక ఉన్న సత్యనిష్ఠ మెచ్చదగినది. అయితే ఇందులో ఒక ఇరకాటం దాగి ఉంది. స్తంభాన్ని చెరపకూడదు. అది విమానానికి అడ్డుగా ఉంటే చిత్రాన్ని తీసుకోరు. లోకం అడ్డొచ్చినచోట మౌనమే మిగులుతుంది.

(తెలుగు సినిమాలో విమానాశ్రయమంటే చివరి రీలులో నాయకుడు పరుగెత్తుకొచ్చి నాయికను ఆపే స్థలం. ఆ సన్నివేశాల్లో విమానం ఏ రకానిదో, ఏ సంస్థదో పట్టించుకునేవారు తక్కువ. విమానచిత్రాల ప్రేమికుడు ఆ సమయంలో నాయికను చూడడు.)

5. దేశౌచిత్యం: బేగంపేట

క్షేమేంద్రుడు ఔచిత్యభేదాల్లో దేశాన్ని, కాలాన్ని విడిగా లెక్కించాడు. చిత్రనిలయాల నియమాలు అన్ని దేశాలకూ ఒకటే. ఇది సమానత్వంలా కనిపిస్తుంది. నిజానికి ఆ నియమాలకు ఒక ఊరుంది, ఒక వాతావరణముంది. మాంచెస్టర్‌లో రన్‌వే పక్కనే సందర్శకుల ఉద్యానం ఉంది. జ్యూరిక్‌లో, టోక్యో హనేడాలో జనం నిలబడి విమానాలు చూడటానికి మేడలున్నాయి. అక్కడ ఎత్తు దొరుకుతుంది, దూరం తగ్గుతుంది, కంచె అడ్డురాదు.

భారతదేశంలో 1937 నాటి విమాన నియమావళిలోని 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయంలో గానీ, ఎగిరే విమానం నుంచి గానీ రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఛాయాచిత్రం తీయరాదంటుంది. 2020 సెప్టెంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ దీన్ని విమానసంస్థలకు గుర్తుచేసి, ప్రయాణికులు విమానంలో ఫొటోలు తీసుకోవచ్చని ఆ వెంటనే వివరణ ఇచ్చింది. బేగంపేటలో వైమానిక దళ కేంద్రం కూడా ఉంది. కాబట్టి కాపలా రెట్టింపు. అనుమానం మన దేశానికే పరిమితమని కూడా అనుకోనక్కరలేదు. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటాలో పన్నెండుమంది బ్రిటిష్, ఇద్దరు డచ్ విమానప్రేమికులను గూఢచర్యం ఆరోపణమీద అరెస్టు చేశారు. 2002 ఏప్రిల్‌లో శిక్షపడి, అదే ఏడాది నవంబరులో అప్పీలులో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. విమానచిత్రం విషయంలో దోషమనే మాటకు రాజ్యం ఇచ్చే అర్థం వేరు.

నియమం వల్ల కెమెరా కంచెకు దూరంగా జరుగుతుంది. దూరం పెరిగితే పొడవైన లెన్సు కావాలి. లెన్సుకూ విమానానికీ నడుమ గాలి పెరుగుతుంది, ఆ గాలి వేడెక్కినది. తారునేల మీది సెగ విమానం కిటికీల వరసను అలలుగా వంచుతుంది. ఈ సెగ కదలికను ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. పరిశీలకులు దీన్ని క్షమించరు. తెల్లవారుజామున తీయండి, దగ్గరికి వెళ్లి తీయండి అన్నది వారి సలహా. దగ్గరికి వెళ్లడం చట్టం చేతిలో ఉంది. తెల్లవారుజాము సంగతి సూర్యుడి చేతిలో ఉంది.

బేగంపేట రన్‌వే తూర్పుపడమరలుగా ఉంది. టెర్మినల్, రహదారి దాని దక్షిణాన ఉన్నాయి. దక్షిణాన నిలబడి తీసేవారికి చలికాలంలో సూర్యుడు రోజంతా వెనకే ఉండి విమానాన్ని వెలిగిస్తాడు. మార్చి చివరి నుంచి సూర్యోదయం తూర్పుకు ఉత్తరంగా జరుగుతుంది. అప్పుడు సెగ పుట్టని తొలిగంటల్లో వెలుగు విమానం అవతలి పక్క నుంచి వస్తుంది. వెలుగు ఇవతలికి వచ్చేసరికి తారు కాగిపోయి ఉంటుంది. హైదరాబాదు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. విమానం వీపు మెరుస్తుంది, పొట్ట నల్లబడుతుంది. ఆ మూడు నెలల్లో దక్షిణాన నిలబడినవారు మసకదోషాన్నో, నీడదోషాన్నో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. 2022 ప్రదర్శన మార్చి 24 నుంచి 27 దాకా ఎండల్లో జరిగింది. 2024 ప్రదర్శన జనవరిలో జరిగింది. ఒకే కెమెరా, ఒకే మనిషి, ఒకే స్థలమైనా ఈ రెండుసార్లూ ఆమోదశాతం ఒకేలా ఉంటుందని ఆశించలేం. పరిశీలనలో కొలవబడుతున్నది ఛాయాగ్రాహకుడి నైపుణ్యమా, పంచాంగమా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది.

దీనికంటే పెద్ద నష్టం మరొకటుంది. బేగంపేట పల్లెపట్టున విసిరేసినట్టు ఉన్న విమానాశ్రయం కాదు. చుట్టూ ఇళ్లు, డాబాలు, కరెంటు తీగలు, టీవీ యాంటెన్నాలు. 2008 దాకా సనత్‌నగర్, బోయిన్‌పల్లి పరిసరాలవారికి విమానం తలమీదుగా వెళ్లే ఇంటిచప్పుడు. డాబామీద ఆరేసిన బట్టల మీదుగా, తీగల వెనకనుంచి దిగుతున్న విమానం చిత్రం ఆ విమానాశ్రయపు నిజస్వరూపం. ఆ చిత్రానికి తీగ అడ్డుదోషం, విమానం చిన్నదవడం దూరదోషం, బట్టలు ఉద్దేశలోపం. నియమాల ప్రకారం మూడు దోషాలు. చరిత్రకారుడి దృష్టిలో ఆ మూడూ మూడు ఆధారాలు. ఆమోదం పొందగలిగేది మాత్రం ప్రదర్శన రోజుల్లో కడిగి, తుడిచి, ఎండలో నిలబెట్టిన విమానం. రేపు ఈ నిలయాలనే ఆధారంగా తీసుకుని బేగంపేట చరిత్ర రాయబోయే పరిశోధకుడికి, నగరంతో ఏ సంబంధమూ లేని ఒక మైదానం కనిపించే ప్రమాదం ఉంది.

6. నిత్యదోషం, అనిత్యదోషం

కావ్యలక్షణంలో మమ్మటుడు దోషరాహిత్యాన్ని ముందుగా చెప్పాడు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దాన్ని నిలదీశాడు. ఏ దోషమూ లేనిదే కావ్యమైతే కావ్యమన్నది దాదాపు మిగలదనీ, పురుగు తొలిచిన రత్నం విలువ తగ్గినా రత్నం కాకపోదనీ ఆయన వాదం. చిత్రనిలయాలు మమ్మటుడి పక్షాన ఉన్నాయని చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. మమ్మటుడే దోషాలు కొన్ని సందర్భాల్లో దోషాలు కావనీ, ఒక్కోసారి గుణాలవుతాయనీ ఒప్పుకున్నాడు. అంతకుముందే ఆనందవర్ధనుడు శ్రుతిదుష్టం వంటివి అనిత్యదోషాలని తేల్చాడు. శృంగారంలో చెవికి ములుకులా తగిలే పరుషాక్షరం రౌద్రంలో రసానికి తోడు నిలుస్తుంది.

ఈ అనిత్యత చిత్రనిలయాలకు తెలియనిది కాదు. పాతకాలపు ముద్రితచిత్రాలకు, అరుదైన విమానాలకు అవి నాణ్యతలో సడలింపు ఇస్తాయి. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోకముందు డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాను తీసిన పాత ఫొటో ఏ ఇంటి ఆల్బమ్‌లోనో దొరికి, స్కాన్ చేసి పంపితే, దానిమీది గీతలనూ పాలిపోయిన రంగునూ పరిశీలకుడు నేటి కొలతలతో తూచడు. అంటే అనిత్యత అక్కడ వస్తువునూ కాలాన్నీ ఆశ్రయించి ఉంది, దేశాన్ని ఆశ్రయించి లేదు. విమానం అరుదైతే మసక క్షమార్హం. విమానాన్ని అక్కడ ఆ వెలుగులో చూడగలగడమే అరుదైతే క్షమ లేదు. ఈ పద్ధతిలోని అసలు లోటు కాఠిన్యం కాదు, ఈ అసమత. ధూళిమచ్చ నిత్యదోషం. అది ఏ దేశంలోనైనా కెమెరా యజమాని అశ్రద్ధే. తప్పుడు నమోదు సంఖ్య నిత్యదోషం. సెగ, తీగ, దూరం అనిత్యదోషాలు. మూడు నాలుగు వందల మీటర్ల అవతల కంచె బయట నిలబడ్డవాడికీ, మేడమీద నిలబడ్డవాడికీ వాటిని ఒకే పద్దులో రాయడం న్యాయం కాదు.

సడలింపు ఇస్తే చెత్త వచ్చి పడుతుందన్న అభ్యంతరం బలమైనదే. ఈ నిలయాల పేరు నిలబడింది కఠినత్వం మీదే. వేలాదిమంది ఔత్సాహికులు వెలుగును, నిలువుగీతను, పదును హద్దును నేర్చుకున్నది తిరస్కరణ వల్లే. చేతకానితనానికి ఊరి ఎండను సాకుగా చూపేవారూ ఉంటారు. ఆనందవర్ధనుడు ఇక్కడ కూడా పనికొస్తాడు. వ్యుత్పత్తి లోపం వల్ల వచ్చిన దోషాన్ని కవిశక్తి కప్పివేస్తుందనీ, శక్తి లోపం వల్ల వచ్చినది ఇట్టే బయటపడుతుందనీ ఆయన అన్నాడు. సెగలో వణుకుతున్న విమానాన్ని ఎంచుకుని తీసినవాడికీ, సెగ సంగతే గమనించనివాడికీ ఉన్న తేడా చిత్రంలోనే కనిపిస్తుంది. ఆ తేడాను పట్టుకోగలిగితే సడలింపు చెత్తకు ద్వారం కాదు.

7. భావకుడు

పట్టుకోగలిగేవారు ఎవరన్నది చివరి చిక్కు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో భావకులను నాలుగు తెగలుగా చెప్పాడు: ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా మింగే సతృణాభ్యవహారి, ఓర్వలేని మత్సరి, తత్త్వాభినివేశి. చివరివాడు వేలల్లో ఒకడని కూడా ఆయనే అన్నాడు. చిత్రనిలయం విధానం మొదటివాణ్ణి ఆదర్శంగా పెట్టుకుని, సామాజిక మాధ్యమాల్లోని రెండోవాడికి విరుగుడుగా పనిచేస్తోంది. రోజూ గుట్టలుగా వచ్చే చిత్రాల ముందు, జీతం లేకుండా, కొద్ది క్షణాల్లో తీర్పు చెప్పాల్సిన స్వచ్ఛంద పరిశీలకుడి నుంచి నాలుగోవాణ్ణి ఆశించడం అత్యాశే. అయితే అతనికి తత్త్వం తెలిసే దారి ఒకటి ఇప్పటికే తెరిచి ఉంది. చిత్రం పంపేటప్పుడు తేదీ, విమానాశ్రయాలతోపాటు వ్యాఖ్య రాసే గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా విమానం వయసు, దాని పాత యజమానుల పేర్లు రాస్తారు. బేగంపేట డాబా మీదినుంచి, ఏ గంటకు, కంచెకు ఎంత దూరాన, ఏ తీగ వెనక నిలబడి తీశారో ఆ గడిలో రాయవచ్చు. తెలుగులో రాసినా వద్దనడానికి కారణం లేదు. పరిశీలకుడికి అర్థమయ్యేలా కింద ఇంగ్లీషులో ఒక వరుస చేరిస్తే సరిపోతుంది.